వరి జన్యువుల లెక్క - ముఠా కట్టిన కంప్యూటర్లు

ఎకరం పొలం ఒక్క మనిషి నాటాలంటే రోజుల తరబడి నడుం వంచాలి. ముఠాగా దిగితే పూటలో తేలిపోతుంది. ఈ సంగతి వ్యవసాయ కూలీలకు ఒకరు నేర్పనక్కర్లేదు. విత్తన పరిశోధనలో కంప్యూటర్లు ఇవాళ ఇదే పద్ధతిన పనిచేస్తున్నాయి. కాబట్టి ఇది చదువుకున్నవాళ్ళ గొడవలే అని పక్కన పెట్టేయడానికి వీల్లేదు.

వరికి 12 జతల క్రోమోజోములున్నాయి. వాటి మీద రాసివున్న జన్యు లిపి సుమారు 40 కోట్ల అక్షరాల పొడవు. ఒక రకానికీ ఇంకో రకానికీ ఎక్కడ ఏ అక్షరం మారిందో పోల్చి చూస్తేనే ముంపును తట్టుకునే గుణం, తెగులుకు లొంగని గుణం ఎక్కడున్నాయో ఆచూకీ దొరుకుతుంది. 89 దేశాలకు చెందిన సుమారు 3,000 వరి రకాల జన్యు వివరాలను 2014లో ప్రపంచం ముందు పెట్టారు. వాటన్నిటినీ ఒక్క కంప్యూటర్‌తో పోల్చాలంటే ఎన్నాళ్ళు పట్టాలి?

సౌదీ అరేబియాలోని కింగ్ అబ్దుల్లా శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఇతరులతో కలిసి 2024లో ఒక పద్ధతి ప్రకటించారు. క్రోమోజోములను పొలంలో మళ్ళలాగా చిన్న ముక్కలు చేసి, వాటిని వేరువేరు యంత్రాలకు పంచి, అన్నిటి చేతా ఏకకాలంలో లెక్క చేయించారు. దీన్నే సమాంతర గణన అంటారు. 16 మాదిరి జన్యు పటాలతో ఆ 3,000 రకాలనూ పోల్చే పని సుమారు 16 వారాల్లో ముగిసింది. ఇన్నాళ్ళూ ప్రధానంగా వాడుతూ వచ్చిన ఒకే పటంలో లేని తేడాలు 23 లక్షల దాకా బయటపడ్డాయి.

అయితే ముఠా ఎంత పెద్దదైనా నారు ఎదిగేదాకా ఆగాల్సిందే గదా! లెక్కల్లోనూ ఒకటి తేలితే గాని రెండోది మొదలుకాని అంచెలుంటాయి. అందుకే యంత్రాలు పదింతలైనంత మాత్రాన వేగం పదింతలు కాదు. లెక్క తేలాక కూడా కొత్త వంగడం పొలంలో నిగ్గు తేలడానికి ఏళ్ళు పడుతుంది.

ఇంతకీ ఈ గుణాలు ఎవరి సొత్తు? ముంపును తట్టుకునే జన్యువును 2006లో గుర్తించారు. అది ఒడిశా రైతులు సాగుచేసిన నాటు రకం నుంచి ఎంపికచేసిన ఎఫ్.ఆర్. 13ఎ లోది. మన మారుటేరులో పుట్టిన స్వర్ణలోకి దాన్ని దించితే స్వర్ణ-సబ్ 1 వచ్చింది. 2009లో మనదేశంలో విడుదలైన ఈ వరి, సుమారు రెండు వారాలు నీట మునిగినా తేరుకోగలదు. ఆ గుణాన్ని ఏ కంపెనీ పుట్టించలేదు. రైతులు, కూలీలు తరతరాలుగా నాటి, కోసి, దాచి కాపాడారు.

పైన చెప్పిన సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మామూలు కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. మంచిదే. కాని చెరువు అందరిదీ అన్నంత మాత్రాన అందరి పొలాలూ తడవవు. తూము ఎవరి చేతిలో ఉందో చూడాలి. యంత్రబలం, ధనబలం ఉన్న కంపెనీలే ముందుగా ఫలితం ఏరుకుంటాయి.

అందుకని మేం కోరేది ఇది: ప్రభుత్వ పరిశోధనా కేంద్రాలకు యంత్రాలూ, వాటిని నడిపే మనుషులూ కావాలి. అక్కడ తేలిన ఫలితం ప్రజల ఆస్తిగానే ఉండాలి. విత్తనం దాచుకునే, మార్చుకునే, బ్రాండు పేరు లేకుండా అమ్ముకునే హక్కును 2001 నాటి చట్టం రైతుకిచ్చింది. దాన్ని ఒక్క అక్షరం కూడా తగ్గనివ్వకూడదు. రైతు సంఘాలూ, కూలి సంఘాలూ ఈ కోర్కెలను తమ సభల్లో చర్చించాలి. నాటిన చేతులకు పంటలో వాటా అడగడం మనకు కొత్త కాదు.