కోడి ముచ్చట: మంచాల వాడల్లో పెట్టలు, రోగాలు, టీకాలు

పొద్దుగాల నల్లా కాడ, బోరింగు కాడ బిందె పెట్టి నిలబడ్డ ఆడోళ్ల మాటలు విన్నోళ్లకు ఒక సంగతి తెలుసు. కూలి ఎక్కడ దొరుకుతది, రేషను బియ్యం ఎప్పుడొస్తయి అన్న మాటల నడుమ కోళ్ల మాట తప్పకుండా వస్తది. ఎవరి పెట్ట పొదుగు మీద కూసుంది, ఎవరింట్ల పదిహేను గుడ్లకు పన్నెండు పిల్లలు లేచినయి, ఏ వాకిలి మీద గద్ద తిరుగుతుంది, ఎవరి పుంజు రెండు రోజుల నుంచి మెడ ముడుచుకొని కునుకుతుంది. మనం నోటుబుక్కులు పట్టుకొని వాడలకు పోయి భూమి ఎంత, అప్పు ఎంత, చదువు ఎంత అని అడిగి రాసుకుంటం. ఈ మాటను మాత్రం పొద్దుపోని ముచ్చట కింద వదిలేస్తం. నా లెక్కన పొరపాటు అక్కడే ఉంది. ఊరకోళ్లు బతుకుతయా, ఒక్క వారంలో వాడ వాడంతా తుడిచిపెట్టుకపోతయా అన్నది ఈ వార్త ఎంత తొందరగా, ఏ గడప దాకా పోతుందన్నదాని మీద ఆధారపడి ఉంది.

ఇబ్రహీంపట్నం పక్కనున్న మంచాల మండలాన్ని ముందు పెట్టుకొని ఇది రాస్తున్న. ఆరుట్ల, లోయపల్లి, బోడకొండ, జాపాల, నోముల వంటి ఊళ్లు. హైదరాబాదుకు ఆగ్నేయంగా, రాచకొండ గుట్టల వైపు సాగే రాళ్ల నేల. చెరువుల కింద కొంత వరి, మిగతాదంతా వాన కోసం ఎదురుచూసే చెలక. 1985లో మండలాలు రాకముందు ఇదంతా ఇబ్రహీంపట్నం తాలూకా. 1980లలో ఈ తాలూకాలోని దళిత కూలీలు సంఘం కట్టుకొని వెట్టి మీద, కూలి రేట్ల మీద, భూమి మీద కొట్లాడినరు. వాళ్లతో కలిసి పనిచేసిన గీతా రామస్వామి ఆ రోజుల గురించి 2022లో ఇంగ్లీషులో ఒక పుస్తకం తెచ్చినరు. ఆ కొట్లాటకూ కోళ్లకూ ఏం సంబంధం అని అడగొచ్చు. నిజాం కాలపు తెలంగాణలో వెట్టి అంటే ఉత్త చాకిరి ఒక్కటే కాదు. దౌర మీద ఊరికొచ్చిన అధికారికి, గడీలో దొరకు, కట్టెలు, కుండలు, చెప్పులతోపాటు కోళ్లు, గుడ్లు కూడా పైసా ఇయ్యకుండ పట్టుకపోయినరు. పెంచిన చెయ్యి ఒకటి, తిన్న నోరు ఇంకొకటి. తన కోడికి తానే ధర చెప్పి, నచ్చకపోతే ఇయ్యను పో అనగలగడం ఆ చరిత్ర తెలిసినోళ్లకు చిన్న మాట కాదు.

ఇంట్ల భూమి ఉంటే పట్టా మగోడి పేరు మీద ఉంటది. కూలి పైసలు కల్లు దుకాణం దాటి ఇంటికి రావాలె. కోడి మాత్రం ఆడిదాని సొమ్ము. పిల్లగాని నోటుబుక్కులకో, దవఖానకో, చుట్టమొస్తే కూరకో ఆమె ఎవరినీ అడగకుండ తీసి ఖర్చుపెట్టగలిగేది అదొక్కటే. భూమి లేనోళ్లకు కోళ్లు మంచి ఆధారం అని పథకాల కాగితాల్లో రాస్తరు. నిజమే, కానీ సగం నిజం. కోడికి పట్టా అక్కరలేదు గానీ వాకిలి కావాలె, పెంటకుప్ప కావాలె, గీక్కోవడానికి నేల కావాలె. ఒకదానికొకటి ఆనుకున్న దళితవాడ ఇండ్లకు అదే కరువు. కోడి గోడ దాటి ఎవరి వరిమడిలోనో పడుతది. కోడి పేరు మీద మొదలైన తిట్టు కులం పేరు మీదికి పోవడానికి ఎంతోసేపు పట్టదు. ఇప్పుడు హైదరాబాదు పెరిగి వెంచర్లు ఇటు దాకా వచ్చినంక, బీడు కూడా హద్దురాళ్లు పాతుకొని ప్రహరీలోకి పోయింది.

పెట్ట కొనే తాహతు లేనామె పాలుకు తెచ్చుకుంటది. పెట్ట ఒకరిది, సాకుడు ఇంకొకరిది, లేచిన పిల్లల్లో చెరి సగం. ఈ ఒప్పందానికి కాగితం లేదు, బ్యాంకు లేదు, జామీను లేదు. పెట్ట చచ్చిపోతే ఎవరి నష్టం అన్నది ముందే మాట్లాడుకుంటరు. స్వయం సహాయక సంఘాలు రాకముందు నుంచే ఇది ఉంది.

ఇక సాకుడులో ఉన్న తెలివి. పొదుగుకు పెట్టే గుడ్లు వారం పదిరోజుల లోపలివై ఉండాలె. మరీ పెద్దవి, మరీ చిన్నవి, పెంకు గరుకున్నవి తీసేస్తరు. గంపలో బూడిదో ఇసుకో పోసి, మీద గడ్డి పరిచి, పది పన్నెండు పెడతరు. బూడిద ఉంటే పేన్లు పట్టవు. వారం దాటినంక చీకట్ల గుడ్డును దీపం ముందర పట్టి చూస్తే లోపల ఎర్రటి నరాలు కనపడాలె. కనపడనిది మురిగేదే, తీసేయాలె. ఉరుముకు గుడ్లు మురుగుతయని గంపలో ఇనుపముక్క పెట్టే అలవాటు కూడా ఉంది. దానివల్ల లాభం ఉన్నా లేకున్నా నష్టమైతే లేదు. ఇరవై ఒక్క రోజులకు పిల్లలు లేస్తయి. మొదటి వారాలలో వాటికి మాంసకృత్తులు కావాలని పుస్తకం చెప్తది. ఆడోళ్లు ఏం చేస్తరు? కుండలో పేడ, కుళ్లిన గడ్డి నింపి, నీళ్లు చల్లి, చెదల పుట్ట పక్కన బోర్లించి వస్తరు. తెల్లారేసరికి కుండ నిండ చెదలు. పైసా ఖర్చు లేని దాణా. ఈ తెలివిని ఏ డిగ్రీ గుర్తించలేదు. అది నల్లా కాడ పుట్టి అత్తకోడళ్ల నడుమ, వదినా మరదళ్ల నడుమ నడిచింది.

మార్కెట్టు సంగతి ఇంకొక తీరు. దేశంలోని 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి, 2006లో పుస్తకంగా వచ్చిన అంటరానితనం సర్వేలో, దాదాపు సగం ఊళ్లలో దళితులు పాల సహకార సంఘాలకు పాలు పోయకుండా అడ్డుకుంటున్నట్టు తేలింది. పాలకు ఉన్న ఈ మైల ప్రాణమున్న కోడికి లేదు. దళితవాడకు వచ్చి పుంజును బేరం చేసి తీసుకపోయే పెద్దకులపాయన అదే ఇంట్ల వండిన కోడికూర ముట్టడు. తనకు అక్కరున్న కాడ కులం ఎట్ల సడలుతదో, ఎక్కడ బిగుసుకుంటదో చూడడానికి కోడిని మించిన ఉదాహరణ లేదు. బోనాలు, దసరా వస్తే పోచమ్మకు, మైసమ్మకు పుంజు కావాలె కాబట్టి అప్పుడు ధర అమ్మేటామె చేతిలో ఉంటది. మిగతా రోజుల్లో బేరగాని చేతిలో.

ఇదే రంగారెడ్డి జిల్లా షెడ్డు కోళ్లకు పెట్టింది పేరు. 1982లో కోడిగుడ్ల రైతులు జాతీయ సమన్వయ కమిటీ కట్టుకొని గుడ్డు ధరను తామే నిర్ణయించుకునుడు మొదలుపెట్టినరు. భూమి, పెట్టుబడి, బ్యాంకు అప్పు ఉన్న కులాలకు అది సాధ్యమయింది. వాడల నుంచి ఆ షెడ్లకు ఎక్కువగా పోయింది కూలీలే. ఊరకోళ్లను మాత్రం పాతకాలపు సరుకు కింద లెక్కగట్టినరు. కానీ 2019 పశుగణన చూస్తే, దేశంలోని 85 కోట్ల పైచిలుకు కోళ్లు, బాతుల్లో దాదాపు 31 కోట్ల 70 లక్షలు పెరటివే. 2012తో పోలిస్తే 45 శాతానికి పైగా పెరిగినయి.

రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసమే వనరాజ, గ్రామప్రియ అనే జాతులు తయారుచేసింది. ఊరకోడి ఏడాదికి యాభై గుడ్ల చుట్టూ పెడితే వనరాజ నూరు, గ్రామప్రియ అంతకన్నా ఎక్కువ పెడుతది. ఇది మంచిదే, కాదనను. అయితే పిల్లలను తెచ్చుకునేటామెకు రెండు సంగతులు ముందే చెప్పాలె. ఒకటి, ఇవి పొదుగుకు కూసునేవి కావు. వీటి గుడ్లను ఊరకోడి కింద పెట్టి పిల్లలు తీసినా, రెండో తరంలో ఆ గుణం నిలవదు. మళ్లీ పిల్లలు కావాలంటే మళ్లీ కొనాలె. రెండు, పిల్లలకు మొదటి నాలుగైదు వారాలు బల్బు వెచ్చదనం, మంచి దాణా కావాలె. తల్లి లేని పిల్ల గద్దను చూసి దాక్కునుడు ఎవరి దగ్గర నేర్చుకుంటది? ఊరకోడిని పూర్తిగా వదులుకోవద్దని నేననేది అందుకే.

జాతి ఏదైనా, పోయేది ఎక్కువగా ఒక్క రోగంతో. మనోళ్లు కొక్కెర తెగులు అంటరు. 1926లో జావాలో, ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో దీన్ని గుర్తించినరు. ఆ వెంటనే మన దేశంలో రాణిఖేత్‌లో బయటపడితే ఆ పేరు పెట్టినరు. చలి పోయి ఎండ ముదిరే రోజుల్లో దీని జోరు ఎక్కువ. కోడి కునుకుతది, రెక్కలు వాలేస్తది, నోరు తెరిచి గురగుర ఊపిరి తీస్తది, ఆకుపచ్చగ పారుతది. కొన్నిటికి మెడ తిరిగిపోతది, కాళ్లు పడిపోతయి. టీకా లేని మందలో నూటికి ఎనభై, తొంభై కూడా పోవచ్చు. వచ్చినంక మందు లేదు. పసుపు, ఎల్లిపాయ, గొంతులో పోసే గోళీల నీళ్లు ఏవీ ఆ విషక్రిమిని ఆపవు. ముందు వేసిన టీకా ఒక్కటే కాపాడుతది.

టీకా కొత్తది కాదు. వారం రోజుల పిల్లకు కంట్లో ఒక చుక్క లసోటా, నెల లోపల ఇంకోసారి. ఎనిమిది వారాలు దాటినంక రెక్క కింద ఆర్‌టుబి సూది. చిన్న పిల్లలకు ఆర్‌టుబి వేయొద్దు, తట్టుకోలేవు. అప్పటికే కునికే కోడికి ఏదీ వేయొద్దు. ఇన్నేండ్ల నుంచి ఉన్న టీకా వాడకు ఎందుకు అందలేదు? చైతన్యం లేదు అని తేల్చేసుడు సులువు. అసలు సంగతి సీసా కాడ ఉంది. మామూలుగా దొరికే సీసా నూరు కోళ్లకో, అంతకన్నా ఎక్కువకో సరిపోయేది. షెడ్డు యజమానిని దృష్టిలో పెట్టుకొని చేసింది. దాన్ని మంచులో తేవాలె, కలిపినంక రెండు గంటల లోపల వాడాలె, మిగిలింది పారబోయాలె. ముప్పై ఇండ్ల వాడలో ఇంటికి ఆరు కోళ్లు అనుకుందాం. ఎవరికి వాళ్లు కొంటే ముప్పై సీసాలు, ఒక్కోదాంట్ల ఆరు చుక్కలు వాడి తొంభై నాలుగు మట్టిపాలు. అందరూ ఒక్క పూట వేసుకుంటే ఉన్నది నూట ఎనభై కోళ్లే, రెండు సీసాలు చాలు. ఒంటరిగా దండుగ అయ్యేది కలిస్తే కోడికి ఒక చిల్లర పైసల పని.

కలవడానికి ముందు కబురు అందాలె. టీకాల వాళ్లు వచ్చినా పంచాయతీ కాడనో, నాలుగు పెద్ద ఇండ్ల ముందరనో ఆగుతరు. ఊరి బయటి వాడకు కబురు అందేసరికి మంచు కరిగిపోయి ఉంటది. ఇందులో ఒక విచిత్రం చూడండి. తరతరాలుగా ఊరందరికీ దండోరా వేసింది మాదిగ డప్పు. పన్ను కట్టాలన్నా, చెరువు పనికి పోవాలన్నా ఆ డప్పే చెప్పింది. తన కోడికి సంబంధించిన కబురు మాత్రం ఆ డప్పు కొట్టినోని ఇంటికి రాదు.

ఇంకొక దిక్కు, వాడ నుంచి పోవలసిన వార్త కూడా ఆగుతది. కోడి కునకంగనే చాలామంది చేసే పని, మిగతావాటిని అంగడికి పట్టుకపోవుడు. ఐదు నూర్లు పలికే పుంజు రేపటికి సున్న అయితదని తెలిసినామె అమ్ముకోక ఏం చేస్తది? ఆమెను తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ రోగం ఊరూరూ తిరిగేది ఆ అంగడి గంపలోనే. బోనాలకు బయటి నుంచి కొని తెచ్చిన పుంజుతో కూడా వస్తది. కొత్త కోడిని రెండు వారాలు వేరే గూట్ల ఉంచాలె. బోనాలకు నెల ముందే టీకా అయిపోవాలె. పైగా రోగమొచ్చిందంటే దళితవాడ నుంచే వచ్చిందని ఊరు అంటదన్న భయంతో కూడా నోరు మూసుకుంటరు.

ఈ భయం ఒట్టిది కాదు. 2015 ఏప్రిల్లో ఇదే జిల్లాలో హయత్‌నగర్ మండలం తొర్రూరులో బర్డ్‌ఫ్లూ బయటపడింది. అది పట్టుకున్నది షెడ్డు కోళ్లను. లక్షకు పైగా కోళ్లను చంపి పూడ్చినరు. ఇట్లాంటప్పుడు రోగమున్న చోటు చుట్టూ కిలోమీటరు లోపల పెరటి కోళ్లను కూడా వదలరు. నష్టపరిహారం అధికారులు చంపిన కోళ్లకే ఇస్తరు, అంతకుముందే చచ్చినవాటికి ఇయ్యరు. అందుకని దాచిపెట్టినామెకే ఎక్కువ నష్టం. ఒక్కపారే చానా కోళ్లు చచ్చిపోతే వాటిని కోసి తినొద్దు, పెంటకుప్ప మీద వేయొద్దు. లోతుగ గుంత తీసి సున్నం చల్లి పూడ్చి, పశువుల డాక్టరుకు చెప్పాలె.

సీసా సమస్యకు బయటి దేశాల్లో ఒక దారి వెతికినరు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ఎండను కొంత తట్టుకునే ఐ-టు అనే కొక్కెర టీకా తయారైంది. మొజాంబిక్, టాంజానియా ఊళ్లలో దాన్ని డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన ఊరోళ్లే ఇల్లిల్లూ తిరిగి కంట్లో చుక్కగా వేస్తరు. కోడికింత అని చిన్న రుసుము తీసుకుంటరు. తూర్పుగోదావరి ఆదివాసీ గూడేల్లో అసీలు కోళ్ల మీద ఆంత్ర సంస్థ చేసిన పనిలో కూడా టీకాలు వేయడం అక్కడి ఆడోళ్లే నేర్చుకున్నరు. మంచాలలో ఇంటర్ చదివి ఇంట్లో ఉన్న దళిత యువతులు చానామందే ఉన్నరు. చుక్క వేయడం ఒక్క పూటలో వస్తది. సూది వేయడానికి ఇంకొన్ని రోజులు పడుతది. ఆ పనిని పైసలిచ్చే పనిగా అడగాలె, సేవ పేరు మీద ఇంకో వెట్టిగా కాదు.

చేసేటోళ్లకు కొన్ని మాటలు. కోళ్లు గూట్ల చేరినంక చీకటిపడే వేళ గానీ, పొద్దుగాల తలుపు తీయకముందు గానీ పెట్టుకోండి. పగలైతే పుంజు వెంట ఊరంత ఉరకాలె. మంచుగడ్డలు వేసిన ఫ్లాస్కులో సీసా తీసుకపోండి. చుక్క కంట్లో పడి, కోడి రెప్ప కొట్టేదాకా వదలొద్దు. దళితవాడ, బీసీ వాడ, ఊరి నడిమి ఇండ్లు ఒకే రోజు, లేదంటే వెంట వెంట రోజుల్లో చేయాలె. ఆరు నెలలకు మళ్లీ రావాలె. ఎన్ని సీసాలు తేవాలన్న లెక్క కోసం సర్వే కాగితాలు అచ్చు వేసుకొని పోవాల్సిన పని లేదు. నల్లా కాడికి పోయి అడగండి. ఎవరింట్ల ఎన్ని పెట్టలు, ఎన్ని పిల్లలు, ఏది పొదుగు మీద ఉంది, ఏది నిన్నటి నుంచి మేత ముడుతలేదు అన్నది బిందె నిండేలోగా చెప్పేస్తరు.