స్టీరింగ్‌తో పాటు చూపూ నేర్పాలి

కారు నేర్చుకునేవారికి క్లచ్, గేరు, బ్రేకు కొద్ది రోజుల్లోనే పట్టుబడతాయి. రోడ్డు తీరు కనిపెట్టి, ఎప్పుడు ఆగాలో ఎప్పుడు కదలాలో సొంతంగా తేల్చుకోవడానికి మాత్రం చాలాకాలం పడుతుంది. డ్రైవింగ్ స్కూళ్లలో ఎక్కువ సమయం మొదటి పనికే పోతోంది. "క్లచ్ నొక్కు, సెకండ్ వెయ్యి, హారన్ కొట్టు" అంటూ పక్క సీటులోంచి మాట వస్తున్నంతసేపూ నేర్చుకునేవారు చెవులతోనే బండి నడుపుతారు. ఇన్‌స్ట్రక్టర్ కాలు రెండో బ్రేకు మీద ఉందన్న ధీమా కూడా ఉంటుంది. లైసెన్సు చేతికొచ్చాక ఆ మాటా ఉండదు, ఆ కాలూ ఉండదు.

సొంత నిర్ణయం చూపుతో మొదలవుతుంది. కొత్తవారి కళ్లు బానెట్‌కు కాస్త ముందున్న రోడ్డుకే అతుక్కుపోతాయి, అద్దాల వైపు తక్కువగా వెళ్తాయి. 1972లో మౌరాంట్, రాక్‌వెల్ అనే పరిశోధకులు కొత్త, పాత డ్రైవర్ల కంటి కదలికలను పోల్చి ఈ తేడానే గుర్తించారు. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 10 మీటర్లు, 72 కిలోమీటర్ల వేగంలో 20 మీటర్లు వెళ్తుంది. ప్రమాదాన్ని గుర్తించి కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపు ఒక్క సెకను గడిచినా ఆ దూరం పోయినట్టే. బండి వేగం తగ్గడం ఆ తర్వాతే మొదలవుతుంది. అందుకే చూపు ముందు దూరానికి వెళ్లి, అక్కడినుంచి దగ్గరికి, పక్కలకు, అద్దాల్లోకి తిరుగుతూ ఉండాలి. అద్దాలకు అందని చోటు కూడా ఉంటుంది. లేన్ మారేముందు, ఆగిన బండిని కదిపేముందు భుజం మీదుగా తల తిప్పి చూస్తేనే అక్కడున్న స్కూటరు కనబడుతుంది. కారు ముందు అద్దానికి పక్కనుండే స్తంభం కూడలిలో మనిషినీ బైకునూ పూర్తిగా కప్పేయగలదు. తలను కాస్త ముందుకూ వెనక్కీ కదిపి చూడాలి.

చూసినదాన్నిబట్టి తర్వాత ఏం జరగవచ్చో ఊహించడం అసలు పని. ఆర్టీసీ బస్సు ఆగి ఉంటే దాని ముందునుంచి ఎవరో రోడ్డు దాటవచ్చు. షేర్ ఆటో, చెయ్యెత్తిన ప్రయాణికుడి కోసం చటుక్కున ఆగవచ్చు. ఒక గేదె రోడ్డెక్కిందంటే వెనకాలే మిగతావీ వస్తాయి. కోతల కాలంలో పల్లె రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. సగం దారి మూసుకుపోయి, ఎదురొచ్చే బండి తన పక్క వదిలి ఇటే వస్తుంది. రాత్రయితే కుప్పల అంచున పెట్టిన రాళ్లు దగ్గరికి వెళ్లేదాకా కనబడవు. వీటిలో చాలావరకు ట్రాఫిక్ గుర్తుల పట్టికలో ఉండవు, పక్కన కూర్చున్న అనుభవజ్ఞులే చూపించాలి.

మొదట చెప్పాలి, తర్వాత అడగాలి, చివరికి ఊరుకోవాలి. "బ్రేకు వెయ్యి" అనే బదులు "ముందు ఏం కనబడుతోంది? ఏం చేద్దామనుకుంటున్నారు?" అని అడిగితే నిర్ణయం నేర్చుకునేవారి చేతిలోకి వస్తుంది. గమనిస్తున్నవన్నీ పైకి చెబుతూ నడపమనడం ఇంకా మంచి సాధన: "ఎడమవైపు సందు, బైకు వస్తోంది, స్పీడు తగ్గిస్తున్నా." మాటల్లో రానిది కంటికి ఆనలేదేమోనని పక్కవారికి వెంటనే అనుమానం కలుగుతుంది. తప్పు జరిగినప్పుడు నడుస్తున్న బండిలో కేకలేస్తే కంగారే పెరుగుతుంది. పక్కకు ఆపి, ఏది చూశారో ఏది చూడలేదో నిదానంగా మాట్లాడాలి. ప్రమాదం మీదికొచ్చిన క్షణాన మాత్రం ప్రశ్నలు కుదరవు, ఇన్‌స్ట్రక్టర్ బ్రేకు తొక్కాల్సిందే.

బ్రిటన్ ఈ నేర్పును పరీక్షలోనే పెట్టింది. 2002 నుంచి వీడియోలు చూపి, ప్రమాదాన్ని ఎంత త్వరగా పసిగడతారో చూస్తోంది. 2010లో, మలుపు మలుపుకూ సూచనలివ్వకుండా సుమారు 10 నిమిషాలు నడిపించే భాగాన్ని చేర్చి, 2017లో దాన్ని 20 నిమిషాలకు పెంచింది. అందులో దారి తప్పడం తప్పు కిందికి రాదు. దారి తప్పానన్న కంగారులో అద్దం చూడకుండా బండి తిప్పితే మాత్రం వస్తుంది. నిర్ణయాన్ని అంచనా వేసే సరైన పద్ధతి ఇదే.

భారతదేశంలో ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్స్ లైసెన్సు) ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాత డ్రైవింగ్ పరీక్షకు వెళ్లవచ్చు. ఆ నెల ఎప్పుడు గడుస్తుందా అని చూసేవారే ఎక్కువ. మిగతా ఐదు నెలలను వాడుకోవడం మేలు. ఎల్ బోర్డు పెట్టి, లైసెన్సున్నవారు బండిని ఆపగలిగేలా పక్కన కూర్చుని, తెల్లవారుజాము ఖాళీ రోడ్డుతో మొదలుపెట్టి క్రమంగా సంత రోజు రద్దీ, వాన, రాత్రివేళ ఎదురొచ్చే హైబీమ్ దాకా అన్నిటినీ అలవాటు చేయాలి. రద్దీ రోడ్డు మీద అరగంటసేపు పక్కవారు నోరు విప్పాల్సిన అవసరం రాకుండా నడపగలిగినప్పుడే పరీక్షకు సిద్ధమైనట్టు.