పాచి తిను కవచపు చేప

ఒకనాడు కాగజ్‌నగరులో మా మనుమడు గాజుతొట్టిలోని చేపను చూపి, "తాతా, దీనికి తొట్టి చాలుటలేదు. పెద్దవాగులో విడిచి వత్తునా?" అని యడిగెను. భాగవతమున సత్యవ్రతుని కమండలువులో పెరిగిన చేప నాకు జ్ఞప్తికి వచ్చినది. ఆ రాజు దానిని తుదకు సముద్రమునకు చేర్చెను. అయినను నేను "వలదు" అంటిని. కారణము విన్నవించెదను.

తొట్టిలోని పాచి తినుటకై జనులు తెచ్చుకొను ఈ చేపలు దక్షిణ అమెరికా నదులవి. మన జెల్లకు, వాలుగకు దూరపు చుట్టములు. జెల్లకు, వాలుగకు పొలుసు లేదు. మేను నున్నగా నుండును. వీనికి మాత్రము ఎముక పలకలు వరుసలుగా దేహమును కప్పియుండును. లాటిను భాషలో 'లోరికా' యనగా కవచము. అందుండియే వీని కుటుంబమునకు లోరికేరియిడే యను పేరు వచ్చినది. నోరు తల క్రిందివైపున నుండును. గుండ్రని పెదవులతో రాతి నంటిపెట్టుకొని, సన్నని పండ్లతో పాచిని గీకి తినును. నీటిలో ప్రాణవాయువు తగ్గినచో పైకి వచ్చి గాలిని మ్రింగి బ్రతుకును.

వీనిలో ఓటోసింక్లస్ అనునది సుమారు రెండంగుళముల చిన్న చేప, సాధుజీవి. కాని అంగడిలో పిల్లగా నమ్మబడు దాని జ్ఞాతి యొకటి, టెరిగోప్లిక్తిస్ అనునది, మూరెడు పెరుగును. మన జాలరులు దెయ్యపు చేప యనునది దీనినే. ఇది గట్టులలో బొరియలు త్రవ్వి గ్రుడ్లు పెట్టును, గట్లు బలహీనపడును. దీని ముండ్లు వలలను చించును. మన చేపల మేతకు ఇది పోటీ వచ్చును. హైదరాబాదునందలి సీసీఎంబీ శాస్త్రజ్ఞులు, చేపలు నీటిలో విడుచు డీఎన్ఏను పరీక్షించి, తూర్పు కనుమల జలాశయములలో ఇది వ్యాపించినదని కనుగొనిరి.

పెద్దవాగు ప్రాణహితలో కలయును. ప్రాణహిత కాళేశ్వరమువద్ద గోదావరిలో కలయును. ఇచట విడిచినది ఇచటనే యుండదు. మా మనుమని తొట్టిలోనిది ఈ పెద్ద జాతిదే.

వాడు దానిని అంగడివానికే తిరిగి యిచ్చి వచ్చెను. రెండు దినములు నాతో మాటాడలేదు. పిల్లలు జీవకారుణ్యముతోనే అట్లు చేయబూనుదురు. కావున పెద్దలారా, వారిని కసరక కారణము చెప్పుడు. అట్టి చేప ఊరి చెరువులో వలకు చిక్కినచో మరల నీట విడువక మత్స్యశాఖవారికి తెలుపుడు. ఒక్క చేపపై దయ చూపబోయి చెరువంతటికి కీడు చేయరాదు.