ఉల్లికి పర్మిటు, బంగారానికి కంట్రోలు: స్వేచ్ఛా వ్యాపారవాదుల వాదన ఏమిటి?

కర్నూలు: 2020 సెప్టెంబరు 14న కేంద్ర ప్రభుత్వం ఉల్లి ఎగుమతిని నిషేధించిన నాటికి ఇక్కడి యార్డుకు ఖరీఫ్ కొత్త సరుకు రాబడి మొదలయింది. అంతకు ముందు ఏడు, 2019లో, నిషేధం వచ్చింది సెప్టెంబరు 29న. 2023లో 40 శాతం ఎగుమతి సుంకం వేసింది ఆగస్టు 19న. మూడు ఉత్తర్వులూ కర్నూలు రైతు గడ్డ తవ్వే కాలంలోనే వచ్చి పడ్డాయి. ఇందులో కుట్ర ఏమీ లేదు. నాసిక్ రబీ నిల్వలు అడుగంటేది ఆ నెలల్లోనే, నగరాలలో చిల్లర ధర ఎగబాకేదీ అప్పుడే, ఢిల్లీకి కంగారు పుట్టేదీ అప్పుడే. నాసిక్ రబీ గడ్డ నెలల తరబడి నిల్వకు ఆగుతుంది. కర్నూలు ఖరీఫ్ గడ్డ ఆగదు. వానకు తడిస్తే మరీ ఆగదు. తవ్విన కొద్ది రోజుల్లోనే తాడేపల్లిగూడెమో, హైదరాబాదో చేరి అమ్ముడు కావాలి. ఎగుమతి ఆగిపోగానే ఓడ ఎక్కవలసిన మహారాష్ట్ర సరుకు దేశీయ మార్కెట్ల మీదకు మళ్లుతుంది, దాని వెంట ఇక్కడి ధారణ కూడా మెత్తబడుతుంది. ఏడాది మొత్తంలో ధర పలికే నాలుగు వారాలు అలా పోతే ఈ రైతుకు మరో నాలుగు వారాలు రావు.

ధరను ఉత్తర్వుతో పట్టి ఉంచరాదని చెప్పే ఆర్థికవేత్తలు ప్రపంచంలో చాలాకాలంగా ఉన్నారు. వీరిలో ఎక్కువగా వినవచ్చే పేరు 1974లో నోబెల్ బహుమతి పొందిన హాయక్. 1945లో ఆయన రాసిన ఒక వ్యాసంలోని సారాంశం కమీషన్ ఏజెంటుకు కొత్తగా చెప్పనవసరం లేదు. ధర అనేది ఒక కబురు. ఎక్కడో వాన పడి పంట పోయిందన్న సంగతి గూడెం వ్యాపారికి తెలియనక్కర లేదు, ధర పెరిగిందన్న సంగతి తెలిస్తే చాలు. అతడు లారీని ఆ వైపు మళ్లిస్తాడు, హోటలువాడు ఉల్లి తగ్గించి వండుతాడు, రైతు వచ్చే కారుకు మరో ఎకరం నాటుతాడు. వీరెవరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఈ వివరాలన్నీ ఒక కార్యాలయంలో పోగు చేసి నిర్ణయం తీసుకోవడం ఎంత మేధావికైనా సాధ్యం కాదని హాయక్ వాదన. నిల్వల పరిమితి విషయంలోనూ ఇదే మాట వర్తిస్తుంది. 2020 అక్టోబరు 23న టోకు వ్యాపారికి 25 టన్నులు, చిల్లర వ్యాపారికి 2 టన్నులు మించి ఉల్లి ఉండరాదన్నారు. 25 టన్నులంటే ఒకటి రెండు లారీల సరుకు. చౌకగా ఉన్నప్పుడు కొని నిలువ చేసి, కరువులో దించేవాడిని శిక్షిస్తే కరువు ముదురుతుందే కాని తగ్గదని స్వేచ్ఛా వ్యాపారవాదులు అంటారు. ఉల్లిని నిత్యావసర సరుకుల చట్టం పట్టు నుంచి సడలించే సవరణను పార్లమెంటు ఆమోదించింది అదే సంవత్సరం సెప్టెంబరులో. నెల తిరగకుండానే పరిమితి మళ్లీ వచ్చింది. ధర రెట్టింపయితే పరిమితి విధించవచ్చునన్న వెసులుబాటు ఆ సవరణలోనే ఉన్నది. 2021 చివరలో ఆ సవరణ కూడా మిగతా వ్యవసాయ చట్టాలతో పాటు రద్దయింది.

కడప జిల్లా అనుభవం ఇంతకన్న విచిత్రమైనది. అక్కడ పండే కృష్ణాపురం ఉల్లిని మన వంటల్లో వాడరు. దాని సైజు, ఘాటు మన వంటకు పనికిరావని చెబుతారు. సింగపూరు, మలేషియా, శ్రీలంక, థాయ్‌లాండ్, హాంకాంగ్ వంటి చోట్లకు పోవడానికే దానిని పండిస్తారు. 2020 నిషేధం దీనినీ ఆపింది. ఢిల్లీ గృహిణికి ఉల్లి అందుబాటులోకి తేవడానికి, ఆమె కొనని గడ్డను కడపలో కుళ్లనిచ్చారన్నమాట! విన్నపాలు వెళ్లిన మీదట అక్టోబరు 9న సడలింపు వచ్చింది. బెంగుళూరు రోజ్ రకం 10,000 టన్నులు, కృష్ణాపురం రకం 10,000 టన్నులు, చెన్నై రేవు ద్వారా మాత్రమే, 2021 మార్చి 31 లోపు. సరుకు ఫలానా రకమేనని, ఫలానా పరిమాణమేనని ఉద్యాన శాఖ అధికారి ధ్రువపత్రం ఇవ్వాలి. నిషేధం 2021 జనవరి 1న పూర్తిగా తొలగింది.

ఇక్కడ గమనించవలసినది అంకె. పదివేల టన్నులే ఎందుకు? ఎనిమిదివేలో, పదిహేనువేలో ఎందుకు కారాదు? మలేషియా కొనుగోలుదారుకు ఎంత కావాలో అతడిని ఎవరూ అడగలేదు. పర్మిటు ఉన్నచోట ధ్రువపత్రం చేతిలో పడ్డ ఎగుమతిదారుకు, పడని ఎగుమతిదారుకు మధ్య తేడా వ్యాపార దక్షతలో ఉండదు. రైతుకు చేరవలసిన పైకంలో కొంత ఆ తేడాలోకి పోతుంది. 2023 సెప్టెంబరులో బెంగుళూరు రోజ్‌కు సుంకం నుంచి మినహాయింపు ఇచ్చినప్పుడూ పద్ధతి ఇదే. ముందు అందరికీ తలుపు మూయడం, తరువాత తట్టినవారికి ఒక రెక్క తీయడం.

2023 డిసెంబరులో మళ్లీ నిషేధం వచ్చింది. 2024 మార్చిలో బంగ్లాదేశ్‌కు 50,000 టన్నులు, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కు 14,400 టన్నులు పంపడానికి అనుమతించారు. అయితే పంపే అధికారం జాతీయ సహకార ఎగుమతుల సంస్థ ఒక్కదానికే. అంటే ఉల్లి బస్తా వర్తకుని చేతి నుంచి దౌత్యవేత్త చేతికి మారిందన్నమాట. 2019 అక్టోబరులో ఢిల్లీ వచ్చిన నాటి బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా, నిషేధం సంగతి ముందుగా చెప్పి ఉంటే బాగుండేదని, తన వంటవాడిని ఉల్లి వేయకుండా వండమన్నానని నవ్వుతూ అన్నారు. కొనుగోలుదారు నవ్వుతూ అన్నా అన్నదే. మూడు సార్లు మాట తప్పిన బేహారి వద్దకు నాలుగోసారి ఎవరూ బయానా తీసుకొని రారు.

2024 మే 4న నిషేధం తీసి టన్నుకు 550 డాలర్ల కనీస ధర, 40 శాతం సుంకం పెట్టారు. సెప్టెంబరులో కనీస ధర ఎత్తివేసి సుంకాన్ని 20 శాతానికి తగ్గించారు. 2025 ఏప్రిల్ 1 నుంచి సుంకం పూర్తిగా పోయింది. ఇక స్వేచ్ఛా వ్యాపారమే. అయినా ఆ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కర్నూలు యార్డులో ధర కుప్పకూలింది. రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ చేత క్వింటాలు రూ. 1,200 చొప్పున కొనిపించి, తరువాత హెక్టారుకు రూ. 50,000 సాయం ప్రకటించవలసి వచ్చింది. స్వేచ్ఛావాదులకు ఇది ఇబ్బందికరమైన ఉదాహరణే. పోయిన ఖాతాదారులు సుంకం తీయగానే తిరిగి రారని, వారి వాడుక ఈలోగా వేరే దేశాలకు అలవాటు పడుతుందని వారి సమాధానం. అందులో కొంత నిజం ఉన్నది. కాని తడిసిన గడ్డకు, ఒకేసారి వచ్చిపడిన రాబడికి ఆ సమాధానం చాలదు. గిడ్డంగి లేని చోట, ఎండబెట్టే వసతి లేని చోట స్వేచ్ఛ ఉన్నా రైతు సాయంత్రంలోగా అమ్ముకొనవలసినదే.

ఈ వాదం సీమకు దిగుమతి సరుకేమీ కాదు. 1959లో సహకార సేద్య తీర్మానాన్ని వ్యతిరేకిస్తూ రాజాజీ, మసానీ ప్రభృతులతో కలిసి ఆచార్య రంగా స్వతంత్ర పార్టీ నెలకొల్పారు. పార్టీ అధ్యక్షుడు రంగాయే. 1962లో తెనాలిలో ఓడిన ఆయనను ఉప ఎన్నికలో లోక్‌సభకు పంపింది చిత్తూరు. 1967లో కర్నూలు లోక్‌సభ స్థానాన్ని స్వతంత్ర పార్టీ అభ్యర్థి వై. గాదిలింగన గౌడ్ గెలిచారు. పర్మిటు, లైసెన్సు, కోటా రాజ్యమన్న రాజాజీ మాట ఆ రోజుల్లో మిల్లుల వద్ద, మండీలలో బాగా చెల్లింది. పార్టీ 1974లో వేరే పార్టీలో కలిసిపోయింది. మాట మిగిలింది.

ద్రవ్యం విషయానికి వస్తే ప్రొద్దుటూరును చూడాలి. రెండో బొంబాయి అని పేరుపడ్డ ఈ బంగారు బజారు మీద 1963 జనవరిలో మొరార్జీ దేశాయి బంగారు నియంత్రణ వచ్చి పడింది. 14 క్యారెట్లు మించిన నగ చేయరాదన్నారు. దేశమంతటా స్వర్ణకారుల పొయ్యి ఆరింది. 1966లో క్యారెట్ల ఆంక్ష సడలించినా, 1968 చట్టం కడ్డీలు, నాణేలు సొంతానికి ఉంచుకొనడాన్ని నేరం చేసింది. 1990లో ఆ చట్టం రద్దయ్యేదాకా దొంగ బంగారం వ్యాపారం వర్ధిల్లింది. జనం బంగారం ఎందుకు కొంటారన్న ప్రశ్నకు స్వేచ్ఛావాదుల జవాబు సూటిగా ఉంటుంది: రూపాయి విలువ నిలబడదన్న అనుమానం వల్ల. లోటు ద్రవ్యం అచ్చువేసి ప్రణాళికలు నడిపితే ధరలు పెరుగుతాయని 1955లోనే ఆర్థికవేత్తల సంఘంలో ఒంటరిగా అసమ్మతి పత్రం రాసినవారు బి. ఆర్. షెనాయ్. 1966 జూన్‌లో డాలరుకు రూ. 4.76గా ఉన్న మారకం ఒక్క రోజులో రూ. 7.50 అయింది. మందు ఏమిటన్న దానిపై మాత్రం వీరిలో వీరికి పొత్తు కుదరదు. నోటు ముద్రణకు ఏటా ఇంత శాతమని నిబంధన పెడితే చాలునని ఫ్రీడ్‌మన్, అసలు ప్రభుత్వానికి ఆ గుత్తాధిపత్యమే వద్దని 1976లో హాయక్. ఇది పండితులు తేల్చుకొనవలసిన తగవు. బజారుకు తెలిసినది దిగుమతి సుంకం. 2022 జూలైలో అది 15 శాతానికి పెరిగింది, 2024 జూలైలో 6 శాతానికి దిగింది. ఎక్కువ సుంకం ఉన్నంత కాలం బిల్లు లేని బంగారానికి బిల్లు ఉన్న బంగారం మీద అంత మేరకు లాభం. నిజాయితీగా పన్ను కట్టే దుకాణదారు నష్టపోయేది అక్కడే.

విదేశాంగ నీతిలో వీరి సూత్రం ఒక్క ముక్కలో చెప్పవచ్చును: అందరితో వ్యాపారం, ఎవరితోనూ జగడం వద్దు. ఆచరణలో అది నిలవడం కష్టం. కాశ్మీరుపై మలేషియా ప్రధాని మహతీర్ 2019 సెప్టెంబరులో ఐక్యరాజ్య సమితిలో చేసిన ప్రసంగం తరువాత, 2020 జనవరి 8న శుద్ధి చేసిన పామాయిల్ దిగుమతిని ఆంక్షల జాబితాలో చేర్చారు. సీమ వేరుశనగ నూనె మిల్లులవారు దానికి విచారించినట్లు కనిపించలేదు. చౌక పామాయిల్ వల్ల తమ గానుగలు మూతపడుతున్నాయని వాపోయేది వారే కదా. ఎగుమతికి స్వేచ్ఛ కోరే వర్తకుడే దిగుమతికి సుంకం కోరడం బజారులో కొత్త కాదు. స్వేచ్ఛావాదులు ఈ రెంటికీ ఒప్పుకోరు. వారి తూకంలో గానుగ యజమాని కోరే రక్షణ సుంకం, గృహిణి కోసం వేసే ఎగుమతి నిషేధం ఒకే జాతివి.

శనగలో ఈ చిక్కు ఇంకా విప్పవలసి ఉన్నది. కర్నూలు, కడప నల్లరేగళ్లలో రబీకి ప్రధానమైన పంట ఇది. ధరలు పెరుగుతున్నాయన్న కారణం మీద 2021లో శనగ వాయిదా వ్యాపారాన్ని ఆపివేశారు. డిసెంబరులో ఆ జాబితాను ఏడు సరుకులకు విస్తరించి, గడువును పలుమార్లు పొడిగించారు. 2023 డిసెంబరులో పసుపు బఠాణీకి సుంకం లేని దిగుమతిని అనుమతించారు. శనగపిండిలో బఠాణీ కలుస్తుందన్నది మిల్లులవారందరికీ తెలిసినదే. 2025 నవంబరు 1 నుంచి దానిపై 30 శాతం సుంకం వేశారు. వాయిదా ధర లేనప్పుడు నాలుగు నెలల తరువాతి ధారణ ఎట్లుంటుందో చెప్పే సూచిక వర్తకునికి లేదు. విత్తనం వేసే వేళ రైతుకూ లేదు. గిడ్డంగిలో సరుకు పెట్టుకొన్నవారు ధరవరల పట్టికకు బదులు ఢిల్లీ నుంచి వెలువడే ప్రకటనల తేదీలు చూచుకొనవలసి వస్తున్నది.