పట్టకూడని చేపలు, పట్టి చూడాల్సిన నీళ్లు

హవాయి దీవుల్లో ఒకటైన మౌయికి పడమటి తీరాన కహెకిలి అనే చోట చేపలు పట్టుకోవచ్చు. చిలుక చేప, సర్జన్ చేప, సీ చబ్, సీ అర్చిన్ల జోలికి మాత్రం పోకూడదు. 2009 నుంచి ఉన్న ఈ నిషేధానికి కారణం వాటి తిండే. పగడపు దిబ్బల మీద పెరిగే నాచును అవి మేస్తాయి. మేసేవి తగ్గితే నాచు పగడాలను కమ్మేస్తుంది. తొలి ఆరేళ్లలోనే చిలుక చేపల రాశి రెట్టింపు దాటింది.

మరి ఆ నాచుకు ఎరువెక్కడిది? కహెకిలిలో సముద్రం అడుగు నుంచి గోరువెచ్చని నీరు ఊరుతుంటుంది. ఒడ్డుకు కాస్త ఎగువన ఉన్న లహైనా మురుగుశుద్ధి కేంద్రం, శుద్ధి చేసినా నాచుకు ఎరువయ్యే పోషకాలు మిగిలిన నీటిని రోజూ లక్షల గ్యాలన్ల లెక్కన లోతైన బావుల్లోకి వదిలేది. 2011 జులైలో శాస్త్రవేత్తలు రెండు బావుల్లో ఫ్లోరెసిన్ అనే రంగు కలిపారు. సరిగ్గా 84 రోజులకు అది సముద్రపు ఊటల్లో బయటపడింది! చేపలు పట్టడం ఆపించి, ఎరువు నీటిని వదిలేస్తే పగడానికి ఒరిగేదేమిటి?

మరుసటి ఏడాదే పర్యావరణ సంఘాలు కోర్టుకెక్కాయి. 2020 ఏప్రిల్‌లో అమెరికా సుప్రీంకోర్టు 6-3 తేడాతో తీర్పు చెప్పింది: భూగర్భం గుండా వెళ్లినా, నేరుగా సముద్రంలో కలిపినట్టే అయితే పర్మిట్ ఉండాల్సిందే. లహైనా బావులకు పర్మిట్ కావాలని 2021లో కింది కోర్టు తేల్చింది.

మళ్లీ చేపల సంగతికొస్తే, హవాయిలోనే మరో దీవి కవాయిలోని హయెనాలో వేట నిబంధనలను రూపొందించడంలో ముందున్నది ఊరివాళ్లే. 2015లో అవి చట్టబద్ధమయ్యాయి. అక్కడ ఇంటి కూరకు పట్టుకోవచ్చు, అమ్మకానికి కుదరదు.

ఇక 2016 నుంచి మౌయి తీరంలో ‘హుయి ఓ కా వాయ్ ఓలా’ అనే బృందం వాలంటీర్లు నీటి నమూనాలు తీస్తున్నారు. ఉప్పదనం, వేడి, పీహెచ్, కరిగిన ఆక్సిజన్ కొలుస్తారు. నైట్రోజన్, ఫాస్ఫరస్ లెక్క ల్యాబ్‌ది. అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది బురద కొలత. చిన్న గాజు సీసాలో నీళ్లు పోసి కాంతి పంపుతారు. మట్టి రేణువులు ఎంత ఎక్కువుంటే వెలుగు అంతగా చెదురుతుంది. వానలకు పాత చెరకు, అనాస తోటల ఎర్రమట్టి కొట్టుకొచ్చి, పగడాలకు ఎండ అందకుండా చేస్తుంది మరి. ఈ వాలంటీర్లు ఆమోదం పొందిన పద్ధతిలోనే కొలుస్తారు కాబట్టి, కలుషిత జలాల జాబితా తయారుచేసేటప్పుడు రాష్ట్ర ఆరోగ్యశాఖ వాళ్ల అంకెలనూ లెక్కలోకి తీసుకుంటుంది.