వాహన ఇంజిన్ ఆయుష్షు - నిర్వహణ పాత్ర

ఈ భాగం చదివిన తరువాత ఇంజిన్ ఎందుకు అరుగుతుందో, దాని ఆయుష్షు దేనివల్ల పెరుగుతుందో మీరు వివరించగలుగుతారు. పాత వాహనం కొనేటప్పుడు మీటరులోని అంకెను ఎంతవరకు నమ్మవచ్చో కూడా తెలుసుకుంటారు.

1. కిలోమీటర్లా, గంటలా?

బాలాపూర్‌లో ఒక వ్యక్తి కూడబెట్టిన సొమ్ముతో పాత ట్యాక్సీ కొని బతుకుదామనుకుంటున్నాడని భావించండి. అతడు మొదట చూసేది మీటరునే. అది చాలదు.

ఒక కారు గంటకు సగటున 40 కి.మీ. చొప్పున 3 లక్షల కి.మీ. తిరిగితే ఇంజిన్ 7,500 గంటలు పనిచేసినట్లు. నిమిషానికి 2,000 చుట్ల లెక్కన క్రాంక్‌షాఫ్ట్ 90 కోట్ల సార్లు తిరుగుతుంది. అదే దూరం దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ రద్దీలో గంటకు 20 కి.మీ. చొప్పున తిరిగితే 15,000 గంటలు పడుతుంది. సిగ్నల్ దగ్గర బండి ఆగినా ఇంజిన్ ఆగదు. మీటరు మాత్రం కదలదు. ట్రాక్టర్లకు గంటల మీటరు అమర్చడానికి కారణం ఇదే.

2. అరుగుదలకు కారణాలు

పిస్టన్ రింగులకు, సిలిండర్ గోడకు మధ్య పలుచని నూనె పొర ఉంటుంది. ఆ పొర ఉన్నంతకాలం లోహం లోహాన్ని దాదాపు తాకదు. దానికి ముప్పు మూడు విధాలుగా వస్తుంది.

అ) దుమ్ము: ఇందులోని సిలికా ఇనుముకంటే గట్టిది. ఎయిర్ ఫిల్టర్ చిరిగితే అది సిలిండర్‌ను గరుకు కాగితంలా గీస్తుంది.
ఆ) వేడి: కూలెంట్ తగ్గితే నూనె పలచబడుతుంది, సిలిండర్ హెడ్ వంగుతుంది.
ఇ) చిన్న ప్రయాణాలు: ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తే నీటి ఆవిరి, ఇంధనం నూనెలో కలిసిపోతాయి.

కాబట్టి సకాలంలో ఆయిల్, ఫిల్టర్లు మార్చడం ఖర్చు కాదు, పొదుపు.

3. రెండు ఉదాహరణలు

అమెరికాకు చెందిన ఇర్వ్ గోర్డన్ 1966లో కొన్న వోల్వో పి1800ఎస్ కారు 2013 నాటికి 30 లక్షల మైళ్ళు, అంటే సుమారు 48 లక్షల కి.మీ. తిరిగింది. మధ్యలో ఇంజిన్‌ను విప్పి బాగుచేయించారు. మన హైదరాబాదులో 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా ప్రారంభించింది. నేటి ఆర్టీసీకి మూలం అదే. డిపోలలో బస్సు చెడిపోయేదాకా ఆగరు. గడువు ప్రకారం తనిఖీ చేస్తారు. గోర్డన్ పాటించినదీ ఈ క్రమశిక్షణనే.

4. ఆయుష్షు ముగింపు

నీలిరంగు పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం. కంప్రెషన్ పరీక్షతో రింగుల, వాల్వుల స్థితి తెలుస్తుంది. బోరింగ్ చేయించి కొత్త పిస్టన్లు వేస్తే చాలా ఇంజిన్లు మళ్ళీ పనికొస్తాయి. చట్టం లెక్క వేరు: వ్యక్తిగత వాహన రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకు ముగుస్తుంది; తనిఖీలో నెగ్గితే 5 ఏళ్ళకు పొడిగిస్తారు. 2023 ఏప్రిల్ 1 నుండి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు ఆ పొడిగింపు లేదు. ఇంజిన్ బాగున్నంత మాత్రాన బండి రోడ్డెక్కే హక్కు ఉండదని గమనించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒకే ధరకు రెండు ట్యాక్సీలు ఉన్నాయి. మొదటిది 1 లక్ష కి.మీ. తిరిగింది, సర్వీసు రసీదులు లేవు. రెండవది 2 లక్షల కి.మీ. తిరిగింది, రసీదులన్నీ ఉన్నాయి. బాలాపూర్ వ్యక్తికి మీరు ఏది సూచిస్తారు? కొనేముందు ఏ పరీక్షలు చేయించమంటారు? కారణాలతో 10 పంక్తులలో రాయండి.