తెల్లచొక్కాల బ్రహ్మచారులు

కదిరినుండి హిందూపురమునకు పోవు త్రోవలో మా ఓబులదేవరచెరువు కలదు. ఓబులదేవర యనగా అహోబల నరసింహస్వామియే. వానను నమ్మి వేరుసెనగ విత్తు మెట్టభూములు మావి. పంట పోయిన యేట మగపిల్లలు బెంగుళూరునకు పనికి పోవుట మాకు పాత వాడుక. ఇప్పుడు పంట వచ్చిన యేటను పోవుచునే యున్నారు. కావున కన్నకొడుకునకు సంచి సర్ది సాగనంపుట యెట్టిదో మా ప్రాంతపు తల్లులకు వేఱుగా చెప్పనక్కఱలేదు. అయినను పోయిన వేసవిలో బెంగుళూరున మా చెల్లెలి యింట నేను చూచిన యిద్దఱు కుఱ్ఱవాండ్ర సంగతి తెలిసికొన్న పిమ్మట, మా సాగనంపుటలు మిక్కిలి సులువైనవని తోచినది.

మా చెల్లెలి యింటి మేడమీద గోదావరి జిల్లానుండి వచ్చిన కుటుంబ మొకటి కాపురమున్నది. ఒకనాటి సాయంకాలము వారికొఱకు ఆ కుఱ్ఱవాండ్రు వచ్చిరి. ఇరువురికిని తెల్లచొక్కా, నల్లలాగు, మెడకు టై, జేబుపై పేరు చెక్కిన నల్లని బిళ్ళ. ఒకడు ఆరడుగుల తెల్లవాడు, మెడనిండ చెమటపొక్కులు. రెండవవాడు మన తెలుగువాడే. మేడమీదివారు బజారునుండి యింకను రాలేదు. వాకిట నిలువబెట్టుట మర్యాద గాదని మా చెల్లెలు లోనికి పిలిచినది. ఇంట మగవారున్నారా యని యడిగి, మా మఱిదిగారిని కన్నులార చూచిన పిదపగాని వారు గడప దాటలేదు. ఆ నెమ్మదికి సంతోషించి మా చెల్లెలు రెండు గ్లాసులతో కాఫీ తెచ్చినది.

"వద్దండమ్మా, మేము కాఫీ పుచ్చుకోము" అనెను తెలుగు కుఱ్ఱవాడు.

"అయితే టీ పెట్టమంటారా?"

"టీ కూడ పుచ్చుకోమండి."

మా చెల్లెలి ముఖము చిన్నబోయినది. కాఫీ ముట్టని చుట్టమనగా మన యిండ్లలో నలిగిన వియ్యపురాలే కదా! ఆ పిల్లవాడు తబ్బిబ్బుపడి, తమ మతమున కాఫీయు, టీయు, పొగాకును, మద్యమును నాలుగును నిషిద్ధములని చెప్పుకొనెను. మజ్జిగలో కరివేపాకు నలిపి తెచ్చి పోయగా ఇద్దఱును గటగట త్రాగిరి. తెల్లపిల్లవాడు వచ్చీరాని తెలుగులో రెండవ గ్లాసు తానే యడిగెను. అంతటితో అలుక తీరి, "ఏం నాయనా, మీ అమ్మ నిన్నింత దూరం ఎట్లా పంపింది?" అని మా చెల్లెలు ప్రశ్నలు మొదలుపెట్టినది. ఆనాడు విన్నదానిని, తరువాత చదివి తెలిసికొన్నదానిని కలిపి సోదరీమణులకు విన్నవించుచున్నాను.

వీరు మార్మనులు. న్యూయార్కు రాష్ట్రమున 1830లో జోసెఫ్ స్మిత్ అనునాతడు స్థాపించిన క్రైస్తవశాఖ వీరిది. 1847లో ఆ సంఘమువారు ఎడారిదారిని ఊటా సీమకు వలసపోయి యచట స్థిరపడిరి. బైబిలుతోపాటు మార్మన్ గ్రంథమును కూడ ప్రమాణముగా గొనుటచే తక్కిన క్రైస్తవులు పెక్కుమంది వీరిని తమవారని యొప్పుకొనరు. ఆ వివాదముతో మనకు పనిలేదు. మనకు కావలసినది వీరి పిల్లల సంగతి. మగపిల్లలు పదునెనిమిదేండ్లు నిండినపిమ్మట రెండేండ్లును, ఆడపిల్లలు పదునెనిమిది (2025 వఱకు పందొమ్మిది) నిండినపిమ్మట పదునెనిమిది నెలలును ఇల్లు విడిచి మతబోధకై పోవుదురు. 2012కు ముందు ఈ వయస్సులు పందొమ్మిదియు, ఇరువదియొకటియు. ఇట్లు లోకమంతట తిరుగుచున్నవారు డెబ్బదివేలకు పైబడియున్నారు. పోవలసిన చోటు వారు కోరుకొనుటకు వీలులేదు. పెద్దలు నిర్ణయించి తెలుపుదురు. జీతము లేదు సరికదా, ఖర్చు ఇంటివారే భరింపవలెను. అమెరికా కుటుంబములు 2020 జూలైనుండి నెలకు 500 డాలర్లు చెల్లించుచున్నవి. బీదదేశములవారు తమకు చాలినంత యిచ్చిన, మిగిలినది సంఘనిధి పూరించును.

మన వటువు ఒడుగునాడు తల్లియొద్దనే తొలిభిక్ష గ్రహించును. వీరు భిక్షయెత్తరు, తక్కిన బ్రహ్మచర్యమంతయు మనదానికంటె కఠినముగనే కనబడినది. ఉదయము ఆఱున్నరకు లేవవలెను. వ్యాయామము, స్నానము, ఫలాహారము, పిదప గ్రంథపఠనము, భాషాభ్యాసము. అటుపిమ్మట రాత్రి తొమ్మిదివఱకు ఊరిలో తిరుగుట. పదిన్నరకు దీప మార్పవలెను. సినిమా లేదు, ఆడపిల్లలతో స్నేహము లేదు. నెలకొక ఆదివారము రెండుపూటల యుపవాసము. వారమున కొక్కదినము మాత్రము బట్టలుదుకుకొనుటకు, బియ్యము కూరలు తెచ్చుకొనుటకు, ఇంటికి జాబు వ్రాయుటకు విడుపు. ఇంట నున్నంతకాలము తిన్న కంచము తీయని కుమారరత్నములు పరదేశమున పొయ్యి వెలిగించుట నేర్చుకొనుచున్నారన్న నాకు కొంత ముచ్చటయే వేసినది. మన యిండ్లలో ఈ పాటి శిక్షణకు ఏ మతమును అడ్డుచెప్పదు గదా!

వీటన్నిటికంటె కష్టమైనది జోడు. ఒంటరిగా నెవరును తిరుగరాదు. పెద్దలు జతచేసిన తోటివానితో నిద్దుర, భోజనము, ప్రార్థన, నడక. స్నానాదులకు తప్ప కన్ను మఱుగుకాగూడదు. ఆ తోటివాడు ఏ దేశమువాడో, గుఱక పెట్టువాడో, పలుకని వాడో తెలియదు. సామాన్యముగా ఆఱువారముల కొకసారి మార్పులు చేయుదురు. అప్పుడైనను ఎవరు మాఱుదురో ఎవరు నిలుతురో వారి చేతిలో లేదు. తోడికోడండ్రకైన పుట్టింటికి పోవు వెసులుబాటు కలదు, వీరికదియు లేదు. మొదటి నెలలో తాను రాత్రులందు గోడవైపు తిరిగి యేడ్చితినని ఆ తెలుగు పిల్లవాడు సిగ్గుపడక చెప్పెను. జోడువాడు విన్నాడట, ఏమియు ననలేదట. మరునాడు తానే ముందుగ లేచి అన్నము వండినాడట. "ముద్దయిపోయిందండి, అయినా తిన్నాను" అని నవ్వెను.

బిళ్ళమీది పేరును నేను చదివితిని. ఇంటిపేరు మాత్రమే యున్నది. దానిముందు 'ఎల్డర్' అని యుండెను. ఎల్డరనగా పెద్ద యని యర్థమట. మీసము సరిగా రాని పిల్లవాడు పెద్దయగుట యొక వింత. రెండేండ్లు తల్లి పెట్టిన పేరుతో నెవరును పిలువకుండుట మఱియొక వింత. మనలో ఇంటిపేరు పెండ్లిపత్రికలకు, భూమి దస్తావేజులకు గాని నోటి పిలుపునకు రాదు గదా.

మన సీమకు ఈ బోధకులు క్రొత్తగాదు. 1852లో ఊటానుండి బయలుదేరిన రిచర్డ్ బాలంటైన్ అనునాతడు ఇద్దఱు తోటివారితో 1853 జూలైలో చెన్నపట్టణము చేరెను. మా కదిరి తాలూకా అప్పుడు కడపజిల్లాలోనిది, అదియు చెన్నరాజధానిలోనిదే. అప్పటివారు కుఱ్ఱవాండ్రు గారు, భార్యాబిడ్డలు గలవారు. చేత పైకములేక బయలుదేరి, ఎవరైన పెట్టిన తినుట, లేకున్న పస్తుండుట వారి నియమము. బాలంటైన్ భార్య చిన్నబిడ్డలతో ఊటాలో నిలిచిపోయెను. ఆమె దినచర్య యెవరును వ్రాయలేదేమో గాని, వ్రాసియున్న బోధకుని కథకంటె చదువదగినదై యుండును. ఆ 1852లోనే వారి సంఘము బహుభార్యాత్వమును బహిరంగముగా ప్రకటించినది. ఆ వార్త యిచటి తెల్లవారి చెవినిబడగా తలుపులు మూతపడినవి. కొలదిమందిని మాత్రము చేర్చుకొని, ఆరోగ్యము చెడి, 1854లో ఆయన మరలిపోయెను. ఆ దురాచారమును మానుటకు సంఘము 1890లో నిర్ణయించుకొన్నది. ఆ తీర్పులకు ముందు ఎందఱు స్త్రీలు కన్నీరు కార్చిరో!

తెలుగునాట వీరి సంఘము నిలిచినది మాత్రము ఒక యాడుబిడ్డ పుట్టింటి ద్వారముననే. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు అను హైదరాబాదు దంపతులు సమోవా దీవులలో నుద్యోగమున నుండి 1977లో ఈ మతమున చేరిరి. తమవారికి బోధింప నెవరినైన పంపుడని సంఘమును కోరగా, మీరే పొండని సంఘము వారినే పంపెను. 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి, ఆ యాత్రలో ఇరువదిరెండుగురు బంధువులకు జ్ఞానస్నానము చేయించిరి. ఎల్సీ తండ్రి స్వయముగా బాప్టిస్టు బోధకుడు. మార్మన్ గ్రంథమును తెనిగించినవారు ఆయనయే. కూతురు తెచ్చిన మతమును ఆ ముసలాయన యెట్లు విచారించెనో, ఇంట నెన్ని రాత్రులు చర్చ జరిగెనో మనకు తెలియదుగాని, ఊహింపవచ్చును. 1993లో బెంగుళూరు కేంద్రముగా మిషను ఏర్పడగా, పంజాబున పుట్టి ఊటాలో నాచార్యుడై యుండిన గురుచరణ్ సింగ్ గిల్ దానికి తొలి యధ్యక్షుడాయెను. పెక్కు సంఘములను కూర్చి స్టేకు అని వ్యవహరించు విభాగము మన దేశములో మొదట నేర్పడినది హైదరాబాదుననే, 2012లో. ఇప్పుడు మన దేశమున తిరుగు బోధకులలో తెల్లవారు కొందఱే. విదేశీయులకు వీసాలు దొరకుట కష్టము గనుక మన పిల్లలే ఎక్కువ.

ఇక మన వైపు మాట చెప్పవలెను. మిషనరీ యనిన అనంతపురము సీమవారికి మఱియొక రూపము కన్నులగట్టును. స్పెయిను దేశమునుండి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురము చేరి, తాను మొదట నున్న జెసూట్ సంఘమును విడిచి, కరవుసీమలో బావులు, బడులు, ఇండ్లు, బత్తలపల్లి యాసుపత్రి వంటివి నిలిపి, 2009లో ఇక్కడనే కన్నుమూసెను. ఆయన వచ్చి యుండిపోయినవాడు. ఈ పిల్లలు రెండేండ్లలో పోవువారు. మాకు ప్రక్కనేయున్న పుట్టపర్తిలోనో, దేశదేశాల తెల్లవారు తెల్లబట్టలు కట్టి మన దేవుని వెదకుకొనుచు వచ్చుట చూచి పెరిగినవారము. అందుచే తన దేవుని మనకు చెప్పవచ్చిన తెల్లపిల్లవాడు మా కంటికి తిరుగుదారిని వచ్చినవానివలె కనబడును.

నా యింట నరసింహస్వామి పటమున్నది. దానిముందు దీపము మానుమని యెవడైన నా గడపలో చెప్పినచో నాకు సహింపదు. మజ్జిగ పోయుట వేఱు, మతము మార్చుకొనుట వేఱు. ఈ మాట నేను మర్యాదగా ఆ పిల్లవానితో ననగా, తాము మన దేశమున తలుపు తలుపు తట్టి తిరుగమనియు, సంఘమువారు పిలిచిన యిండ్లకే పోవుదుమనియు చెప్పెను. వాని కష్టమును అచటనే యున్నది. తెల్లవానిని జనము అతిథిగా చూచి క్షమింతురు, తెలుగువానిని మాత్రము "ఎవరి కొడుకువురా, ఎందుకురా నీకీ పని?" అని నిలదీయుదురు. డిగ్రీ చదువు నడుమ నాపి వచ్చినాడు. మేనమామ మాటలాడుట మానినాడట. చెల్లెలి పెండ్లి సంబంధమునకు తన బిళ్ళ యడ్డు వచ్చునేమోనని వాని భయము. ఎండకును, ఉడుకునీటికిని, ప్రయాణములకును ఓర్చినవాడు ఆ మాట చెప్పునపుడు తలవంచుకొనెను.

ఆడపిల్లల సంగతి విని మా చెల్లెలు నోటిమీద వ్రేలుంచుకొన్నది. పెండ్లికాని స్త్రీలను బోధకు పంపుట వారిలో 1898లో మొదలైనది. ఐనెజ్ నైట్, జెన్నీ బ్రిమ్‌హాల్ అను నిద్దఱు యువతులు ఆ యేడు ఇంగ్లండునకు పోయిరి. ఇప్పుడు మన తెలుగుపిల్లలును పోవుచున్నారట. పరాయియూర ఇద్దఱాడుపిల్లలు గది యద్దెకు తీసికొని, బస్సులెక్కి, అపరిచితులతో మాటలాడి, లెక్క వ్రాసికొని బ్రదుకుట నేర్చుకొనుట నాకు మెచ్చదగినదిగానే తోచినది. 2018 డిసెంబరు వఱకు వారు లంగాలే ధరింపవలసియుండెను. అటుపై లాగులకును అనుమతి కలిగినది. అయినను ఇద్దఱాడుపిల్లలని తెలిసినంతనే మన యూళ్ళలో గది యిచ్చుటకు ఎందఱు వెనుదీయుదురో చెప్పవలసిన పనిలేదు.

తల్లికి కావలసిన సంగతి యొక్కటియున్నది. 2019 ఫిబ్రవరికి పూర్వము బోధకులు ఇంటితో మాటలాడుట సంవత్సరమునకు రెండేమార్లు: క్రిస్మసునాడు, అమెరికావారి మాతృదినమునాడు. తక్కిన వారములందు జాబులే. రెండేండ్లలో కొడుకు గొంతు నాలుగుసారులు! ఆ పిమ్మట వారమున కొకసారి ఫోనునకు అనుమతి నిచ్చిరి. ఎవరి పుణ్యముననో ఆ నియమము మాఱినది, వారికి నా నమస్కారము. అయినను నాకు మిక్కిలి కలత కలిగించినది ముందుగా తిరిగివచ్చు పిల్లల సంగతి. రోగము చేతనో, మనసు నిలువకనో, గడువునకు ముందే యిల్లు చేరినవారు సంఘములో తలయెత్తుకొని తిరుగలేక క్రుంగుదురట. 2020 మార్చిలో మహమ్మారి వచ్చినపుడు విదేశములలోని వేలకొలది పిల్లలను స్వదేశములకు మరలించిరి. అప్పుడు మాత్రము ఎవరికిని ఆ సిగ్గు లేకపోయెను. జ్వరము తగిలి వచ్చిన బిడ్డకు, దిగులు తగిలి వచ్చిన బిడ్డకు తల్లియొద్ద భేదముండునా?

మేడమీదివారు వచ్చి పిలుచుసరికి చీకటిపడినది. మా చెల్లెలు ఒక సీసానిండ మామిడికాయ ఊరగాయ, పొట్లమునిండ వేరుసెనగ యుండలు కట్టి వారి చేతికిచ్చినది. తెల్లపిల్లవాడు ఊరగాయ సీసాను దీపమునకు పట్టి భయముతో చూచెను. తెలుగువాడు మెట్లెక్కబోవుచు నిలిచి, సోమవారము ఇంటికి ఫోను చేయు దినమనియు, మా సంగతి వాళ్ళమ్మకు చెప్పెదననియు అనెను.

"చెప్పు నాయనా, మజ్జిగ ఇచ్చినామని చెప్పు," అన్నది మా చెల్లెలు. "కాఫీకి నేను ముఖం ముడుచుకొన్న సంగతి మాత్రం చెప్పొద్దు."